షట్టర్ దగ్గర తడి

ఆగస్టు 11, సోమవారం

సత్తయ్య పటేల్ వచ్చాడు. నేను అద్దెకు తీసుకున్న షెడ్ ఆయనది. మా నాన్న జోగిపేట దగ్గర కూలికి పోయిన రోజుల్లో భూమి ఉన్నవాళ్లందరినీ పటేల్ అనేవాడు. నాకూ ఆ పిలుపే అలవాటైంది.

కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని మాట్లాడాడు. బిడ్డా, నీ కుక్కలతోని నాకు పంచాయితి లేదు, వాసనతోనే పంచాయితి అన్నాడు. పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద కంప్లయింట్ రాసి ఆయన చేతిలో పెట్టారు. కింద సెక్రటరీ శ్రీదివ్య సంతకం. దసరా దాక సూస్త, గప్పటికి గూడ గిట్లనే ఉంటె ఖాళీ చెయ్, టైల్స్ గోడౌన్‌కు అడుగుతున్నరు అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని.

దసరా అక్టోబర్ 2న. యాభై రెండు రోజులు.


ఆగస్టు 12

ఉన్నది ఉన్నట్టు రాసుకుంటున్నాను. పాశమైలారంలో ఒక ఫార్మా ప్లాంట్‌లో పదకొండేళ్లు క్యూఏలో, అంటే నాణ్యత తనిఖీ విభాగంలో, చేశాను. అక్కడ మొదటి రోజే నేర్పేది ఒకటుంది: రాయనిది జరగనట్టే.

ఆ ఉద్యోగం వదిలి జనవరిలో అమీన్‌పూర్‌లో ఈ డాగ్ డేకేర్ పెట్టాను. పద్నాలుగు కుక్కలు. ఐటీ వాళ్లు ఆఫీసుకు పోతూ ఎనిమిదింటికి దింపుతారు, ఏడింటికి తీసుకుపోతారు. నేను పటాన్‌చెరు నుంచి స్కూటీ మీద ఏడున్నరకు వస్తాను. రాత్రి షెడ్‌లో ఎవరూ ఉండరు.

నేల పద్దెనిమిది వందల చదరపు అడుగులు. ఉత్త కాంక్రీట్, పైన ఏ పూతా లేదు. రోజుకు రెండుసార్లు ఫినాయిల్‌తో కడుగుతాను. ఆరిన గంటకు వాసన మళ్లీ లేస్తుంది. వాన రోజు ఇంకా ఎక్కువ.

పోయిన వారం బ్లీచింగ్ పౌడర్ చల్లాను. కళ్లు మండాయి. కుక్కల్ని బయటికి తోలి, షట్టర్ పూర్తిగా లేపి, ఫ్యాన్లు పెట్టాను. మూత్రంలో అమ్మోనియా ఉంటుంది, దాని మీద క్లోరిన్ పడితే విషపు గాలి వస్తుంది. ప్లాంట్‌లో ఈ విషయం మీద ట్రైనింగ్ ఇచ్చింది నేనే. ఎవరికీ ఏమీ కాలేదు. సిగ్గుగా ఉంది కాబట్టే రాస్తున్నాను.


ఆగస్టు 17, ఆదివారం

మూడు రోజులు సెలవు పెట్టి నేలకు నేనే పెయింట్ వేశాను. పటాన్‌చెరు హార్డ్‌వేర్ షాపులో దొరికిన ఫ్లోర్ పెయింట్, బూడిద రంగు. రెండు కోట్లు. నడుము పట్టేసింది.

వాసన లేదు. మోకాళ్ల మీద కూర్చుని మరీ చూశాను. లేదు.


ఆగస్టు 21

రాజవ్వ మెచ్చుకుంది. సత్తయ్య పటేల్ భార్య. షెడ్ వెనకే వాళ్ల ఇల్లు. అద్దం లెక్క మెరుస్తున్నది బిడ్డా అంది. నీ కుక్కలు మొకం సూస్కుంటయిగ అని నవ్వింది. లడ్డూ నిజంగానే చూసుకుంటోంది. లడ్డూ ముసలి బీగిల్, కిడ్నీ జబ్బు. గంటకోసారి పోస్తుంది, పోసిన సంగతి దానికే తెలియదు.


ఆగస్టు 26

బుడగ.


ఆగస్టు 27

షట్టర్ దగ్గర నుంచి మొదలై ఎనిమిది అడుగుల లోపలి దాకా పెయింట్ ఉబ్బింది. ఒక బుడగను వేలితో నొక్కాను. కింద నుంచి నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లకు ఏడు నెలల వాసన.

తడి ఉందో లేదో చూడకుండా పూత వేశాను. పదకొండేళ్లు ఇంకొకరు ఈ పని చేస్తే ఎర్ర ఇంకుతో రాసిన దాన్ని.


ఆగస్టు 28

దశరథ్‌కు ఫోన్ చేశాను. మా ప్లాంట్‌లో బ్లాక్-2 ఫ్లోర్ వేసిన మనిషి. ఇరవై రెండేళ్లుగా ఈ బెల్ట్‌లో ఫ్యాక్టరీ నేలలు వేస్తున్నాడు. మాదీ ఆయనదీ జోగిపేట వైపే. అయినా ఫోన్ చేయడానికి అరగంట ఆలోచించాను. 2019లో ఆయన వేసిన నేలలో ఆవగింజంత బుడగ కనిపించిందని డీవియేషన్, అంటే తప్పు జరిగిందనే రిపోర్టు, రాసింది నేను. నాలుగు వందల అడుగులు గీకి మళ్లీ వేశాడు.

సాయంత్రం వానలోనే వచ్చాడు. షెడ్ మొత్తం ఒకసారి తిరిగాడు. సుత్తి పిడితో తట్టాడు, తల వంచి చప్పుడు విన్నాడు. తర్వాత నా వైపు చూసి, ఆవగింజంత బుడగకు నాలుగు నూర్ల అడుగులు మల్ల ఏపిచ్చిన్రు మేడం, గిప్పుడు మీ నేల మీద అప్పడాలు పొంగినయ్ గదా, దీనికెవలు రాయాలె డీవియేషన్ అని అడిగాడు.

నేనే రాస్తానన్నాను. రాసి చూపించుండ్రి అన్నాడు. నవ్వలేదు. వెళ్లేటప్పుడు స్కూటర్ స్టార్ట్ చేసి నవ్వాడు.


ఆగస్టు 30

దశరథ్ చెప్పింది. కాంక్రీట్ చూడ్డానికి రాయి, తాగడానికి స్పాంజి. పోసిందల్లా లోపలికి తాగుతుంది. ఎండితే ఉప్పులా లోపలే ఉంటుంది. తడి తగిలితే మళ్లీ లేస్తుంది. నేను రోజూ రెండుసార్లు కడగడమంటే దాన్ని రోజూ రెండుసార్లు లేపడమే. చీము తియ్యకుండ పట్టీ కట్టిన్రు మేడం అన్నాడు.

పాత పెయింట్ గీకాలి. నేల పైపొర మిషన్‌తో అరగదీయాలి. మూత్రాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ క్లీనర్‌తో తడిపి ఒక రోజు కప్పి ఉంచాలి. ఆరాలి. ఆరిందని ప్లాస్టిక్ పరీక్షలో తేలాలి. ఆ తర్వాతే ప్రైమర్. తేలేదాక డబ్బా మూత తియ్య, మీరు ఏడ్చినా తియ్య అన్నాడు.

ఏడవనని చెప్పాను.


సెప్టెంబర్ 3

ఆదివారమే కుక్కల ఓనర్లందరికీ మెసేజ్ పెట్టాను. మూడు వారాలు మూత. ఇద్దరు వేరే చోటు చూసుకుంటామన్నారు. మిగిలినవాళ్లు బొటనవేలు బొమ్మ పంపారు.

దశరథ్ మిషన్‌తో నేల గీకడం నిన్న అయింది. ఎండిన మూత్రం మరకల్ని చీకట్లో చూపించే యూవీ టార్చి తెచ్చాను. పట్టపగలు షట్టర్ దించి చీకటి చేసి వెలిగిస్తే, గీకిన నేల మీద పాత మరకలు పచ్చగా వెలిగాయి. స్తంభాల చుట్టూ, గోడ మూలల్లో, ద్వీపాల్లా ఉన్నాయి. సుద్దముక్కతో ఒక్కోదాని చుట్టూ గీత గీశాను. అరవై మూడు. లడ్డూ పడుకునే చోటే పదకొండు.


సెప్టెంబర్ 6, శనివారం

ఎంజైమ్ పని అయింది. నిన్నటి నుంచి ఆరు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. టార్చి వేస్తే అరవై మూడులో నాలుగు మిగిలాయి. వాటికి మళ్లీ పోశాను.

సాయంత్రం ప్లాస్టిక్ షీట్లు అంటించాము. మూరెడు చదరం, నాలుగు వైపులా టేపు, ఆ నాలుగు మరకలు వదిలి తొమ్మిది చోట్ల. నేలలో తడి ఉంటే తెల్లారేసరికి ప్లాస్టిక్ కింద చెమట పడుతుంది.


సెప్టెంబర్ 7

ఆరు పొడి. మూడు తడి. మూడూ షట్టర్ దగ్గరివే.


సెప్టెంబర్ 8

మళ్లీ అవే మూడు.

దశరథ్ వంగి చూసి, అమీన్‌పూర్ చెరువు నిండింది గదా, ఊట కావచ్చు అన్నాడు. ఊటయితే పూత మీద ఆశ వదులుకోవాలని కూడా చెప్పాడు. కింద నుంచి నీళ్లు తన్నితే ఏ పూతా ఆగదు.

ఊటయితే నేల అంతా తడవాలి, షట్టర్ దగ్గరే ఎందుకు అని అడిగాను. గది మీరే కనుక్కోవాలె, మీరు క్యూఏ గదా అన్నాడు.


సెప్టెంబర్ 9

బోరు పైపు చూశాను. లీకు లేదు. కప్పు చూశాను. కారడం లేదు. మూడు రోజులుగా వాన లేదు.

మూడో రోజూ అవే మూడు తడి. దసరా ఇరవై మూడు రోజుల్లో ఉంది. పూతకు, అది గట్టిపడ్డానికి కలిపి పన్నెండు రోజులు కావాలి. ఊటే అని తేలితే ఈ శుక్రవారమే సత్తయ్య పటేల్‌కు తాళం ఇచ్చేయాలి.


సెప్టెంబర్ 10, ఉదయం 5:40

స్కూటీ మీద కూర్చునే ఫోన్‌లో రాస్తున్నాను. ఇంటికెళ్లాక డైరీలోకి ఎక్కిస్తాను.

రాత్రి పదింటికి పొడిగా ఉన్న నేల పొద్దున ఏడున్నరకు తడిసి ఉంటోంది. ఆ మధ్యలో ఏం జరుగుతుందో ఎవరూ చూడలేదు. అందుకని చీకటితోనే వచ్చాను.

షట్టర్ ముందు రాజవ్వ ఉంది. చీర చెక్కుకుని, బకెట్‌లో పేడనీళ్లు కలిపి సాన్పు చల్లుతోంది. చల్లడం అయ్యాక మిగిలినవి గుమ్మరించింది. రెండో బకెట్ తెచ్చింది. మూడోది తెచ్చింది. తర్వాత ముగ్గు డబ్బా తీసుకుని కూర్చుంది.

ఆ ముగ్గు జనవరి నుంచి రోజూ చూస్తున్నాను. దాని మీదుగానే షట్టర్ లేపుతున్నాను. నీళ్లు చల్లకుండా ముగ్గు వేయరని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. వచ్చేసరికి పైన ఆరిపోయి ఉండేది.


అదే రోజు, మధ్యాహ్నం

రాజవ్వ నన్ను చూసి గింత పొద్దుగాల వచ్చినవేంది బిడ్డా అంది. ఎన్నాళ్ల నుంచి చల్లుతున్నావని అడిగాను. ముప్పై ఏండ్ల సంది అంది. అప్పుడు గీడ చేనుండె, దొడ్డి ముంగట జల్లేదాన్ని, గిప్పుడు నీ షట్టర్ ముంగట జల్లుతున్న, మన జాగ ముంగట సాన్పు లేకుంటె లక్ష్మి ఎట్లొస్తది అంది.

మూడు బకెట్లు ఎందుకని అడిగాను. గొంతు తగ్గించి చెప్పింది. మా ఆయన నిన్ను ఎల్లగొడ్త అన్నప్పటి సంది ఎక్కువ పోస్తున్న, పేడనీళ్లు పడితె కుక్కల కంపు జెర నయమైతదని.

నా కోసం పోస్తోంది. ఆ నీళ్లు ఎటు పోతున్నాయో నోటితో చెప్పకుండా చూపించాను.

ఆమెను లోపల నిలబెట్టి షట్టర్ దించాను. టార్చి ఇచ్చాను. బయటికి వెళ్లి ఒక బకెట్ మంచినీళ్లు గుమ్మరించాను. వాకిలి వాలు లోపలికి ఉంది. మొదట గోడౌన్ కోసం కట్టిన షెడ్ కాబట్టి మేస్త్రీ అట్లా పోశాడు, ట్రాలీలు సులువుగా దిగాలని. నీళ్లు షట్టర్ కింది నుంచి నాలుకలాగా లోపలికి పాకాయి. ఆరు అడుగుల దాకా వెళ్లి, మెల్లగా కాంక్రీట్‌లోకి ఇంకిపోయాయి.

షట్టర్ లేపేసరికి రాజవ్వ గోడకు ఆనుకుని ఉంది. అయ్యో బిడ్డా, నా చేతులతోనే నీ బతుకు తడిపిన గదనే అంది.

నీ తప్పు లేదు, వాలు తప్పు అన్నాను. అది నిజం కాబట్టి చెప్పడం కష్టం కాలేదు. పటేల్‌కు చెప్పనని కూడా అన్నాను. రాజవ్వ ముగ్గు డబ్బా మూసి ఇంట్లోకి పోయింది.


సెప్టెంబర్ 11

రాజవ్వ రాలేదు. ముగ్గు లేదు. షట్టర్ ముందు నేల బోసిగా ఉంది. నాకే నచ్చలేదు.

దశరథ్‌కు అంతా చెప్పాను. కాసేపు నవ్వాడు. ఊట గాదు, రాజవ్వ ఊట అన్నాడు. తర్వాత కొలత తీసుకుని పని మొదలుపెట్టాడు. గడప దగ్గర అంగుళం ఎత్తున గట్టు కట్టాడు, ట్రాలీ చక్రం ఎక్కేంత నున్నగా. గట్టు ముందు అడ్డంగా ఒక కాలువ కోశాడు. వాకిలి వాలు మార్చి రోడ్డు వైపు తిప్పాడు.

సాయంత్రం రాజవ్వ ఇంటికి వెళ్లాను. మూడు బకెట్లు పోసినా లోపలికి చుక్క రాదు, రేపటి నుంచి చల్లు అన్నాను. నమ్మలేదు. తనే బకెట్ తెచ్చి పోసి చూసింది. నీళ్లు కాలువలో పడి రోడ్డుకు పోయాయి. ఇంకో బకెట్ పోసింది. అది కూడా పోయింది. మూడో బకెట్ నవ్వుతూ పోసింది.


సెప్టెంబర్ 14, ఆదివారం

తొమ్మిది చోట్లా పొడి. వరుసగా రెండో రోజు.

దశరథ్ ప్రైమర్ డబ్బా మూత తీశాడు.


సెప్టెంబర్ 16

గోడ, నేల కలిసే మూలల్ని గుండ్రంగా తిప్పుతున్నాడు. ఫార్మా క్లీన్‌రూమ్‌లలో ఇట్లాగే ఉంటుంది. మూల అంటూ లేకపోతే మురికికి నిలవడానికి చోటు ఉండదు. షెడ్‌కు ఇంత అవసరమా అని అడిగాను. కుక్క కాలెత్తేది మూలకే గదా మేడం, మందుల కంపెనీల ఎవలన్న కాలెత్తుతరా, గీడనే ఎక్కువ అవసరం అన్నాడు.

నేల మీద పోసిన ఎపాక్సీ పూత తడిగా ఉండగానే దాని మీద సన్న ఇసుక చల్లాడు. కుక్కల గోళ్లు జారకుండా. విత్తనాలు చల్లినట్టు, మణికట్టు ఒక్కటే తిప్పుతూ. ఎక్కడా ఒత్తుగా పడలేదు, ఎక్కడా పలచబడలేదు. నేను ఊరికే నిలబడి చూశాను. ప్లాంట్‌లో పదకొండేళ్లు వీళ్లు వేసిన నేలల్లో తప్పులు వెతికాను. వేస్తుండగా చూడ్డం ఇదే మొదటిసారి.


సెప్టెంబర్ 18

చివరి పూత, టాప్ కోట్ అయింది. ఇక ఏడు రోజులు గట్టిపడాలి.


సెప్టెంబర్ 20

ఎవరూ లోపలికి పోలేదు. నేను కూడా. కిటికీలోంచి చూశాను. రెండుసార్లు.


సెప్టెంబర్ 24

ఇన్‌స్పెక్షన్. టార్చి నేలకు ఆనించి, వెలుగు అడ్డంగా పడేట్టు పెట్టి, గోడ నుంచి గోడకు పాకాను. గంటా పది నిమిషాలు. బుడగ లేదు, గీత లేదు, వెంట్రుక లేదు. దశరథ్ స్టూల్ మీద కూర్చుని చాయ్ తాగుతూ చూశాడు.

అయిపోయింది, ఏమీ లేదన్నాను. ఉన్నది అన్నాడు. లేచి వచ్చి డ్రెయిన్ జాలీ పక్కన చిటికెన వేలు పెట్టి చూపించాడు. సూది మొన అంత రంధ్రం. మీరు సూడలే, నేను సూసిన అన్నాడు. అక్కడికక్కడ గీకి నింపాడు.

తర్వాత నేను కంప్యూటర్‌లో ఒక పేజీ తయారుచేసి ప్రింట్ తెచ్చాను. ప్లాంట్‌లో ప్రతి పనికీ ఉండే కాగితం లాంటిదే. తేదీలు, కొలతలు, తొమ్మిది చోట్ల పరీక్ష ఫలితాలు. ఆగస్టులో నేను వేసిన పెయింట్ మీద డీవియేషన్ కూడా అందులోనే, నా పేరుతో. కింద రెండు గడులు. డన్ బై. చెక్డ్ బై.

దశరథ్ డీవియేషన్ మొత్తం చదివాడు. ఒక చోట ఆగి, అప్పడాలని రాయలేదేంది మేడం అని అడిగాడు. తర్వాత డన్ బై గడి దగ్గర పెన్ను పట్టుకుని ఆగిపోయాడు. ఇరవై రెండేండ్లల గీ గడిల నా పేరు పెట్టలే, కాంట్రాక్ట్ కంపెనీ ముద్ర గుద్దేటోళ్లు అన్నాడు. మెల్లగా, పూర్తి పేరు రాశాడు. ఊరి పేరు కూడా రాశాడు. ఊరికి గడి లేదు. అయినా రాయనిచ్చాను.

దాని కింద నేను సంతకం పెట్టాను. నేను పెట్టిన సంతకాలు వేలల్లో ఉంటాయి. వాటిలో దేన్నీ ఇంటికి తెచ్చుకోలేదు. దీని జిరాక్స్ తెచ్చుకున్నాను.


సెప్టెంబర్ 25, గురువారం

పద్నాలుగులో పన్నెండు తిరిగి వచ్చాయి.

8:40కి లడ్డూ మధ్య స్తంభం దగ్గర పోసింది. వెంటనే తుడవలేదు. గంట ఆగాను. నీళ్లు ఎక్కడివక్కడే ముత్యాల్లా నిలిచి ఉన్నాయి, ఒక్క చుక్క ఇంకలేదు. 9:40కి తుడిచాను. షట్టర్ దించి యూవీ టార్చి వేశాను. ఏమీ వెలగలేదు. మోకాళ్ల మీద కూర్చుని వాసన చూశాను. ఏమీ లేదు. లడ్డూ నా పక్కన నిలబడి తనూ వాసన చూసింది. దానికీ ఏమీ దొరకలేదు. నా మొహం చూసింది.

ఈ నేల వేయించింది నేను. ఇక్కడ రాసుకుంటున్నాను.


సెప్టెంబర్ 30, సద్దుల బతుకమ్మ

షెడ్ ముందు ఖాళీ జాగాలో ఆడుతున్నారు. ఊరి ఆడవాళ్లు, అపార్ట్‌మెంట్ వాళ్లు కలిపి నలభై మంది ఉంటారు. ఏడు దాటగానే వాన దంచింది.

రాజవ్వ బతుకమ్మను కొంగు కింద పెట్టుకుని పరుగెత్తుకొచ్చి, షట్టర్ లేపు బిడ్డా, గౌరమ్మ తడుస్తున్నది అంది. కుక్కలు అప్పటికే ఇళ్లకు పోయాయి. లేపాను. ఊరివాళ్లు వచ్చారు. అపార్ట్‌మెంట్ వాళ్లు గట్టు దగ్గర ఆగి సెక్రటరీ శ్రీదివ్య వైపు చూశారు. ఆమె కొంగు ముక్కు దాకా తీసుకెళ్లింది. ఒకసారి పీల్చింది. కొంగు దించేసింది. లోపలికి వచ్చింది.

పదకొండు బతుకమ్మలు మధ్యలో పెట్టి చుట్టూ తిరిగారు. చప్పట్లు రేకుల కప్పుకు తగిలి రెండింతలు వినిపించాయి. ఎవరూ జారలేదు. నేను జారతారేమోనని ప్రతి పాదాన్నీ చూస్తున్నాను.

మధ్యలో ఆగినప్పుడు శ్రీదివ్య, మొన్నటిదాకా బాల్కనీ తలుపు తీయలేకపోయేవాళ్లం, ఏం మందు కొట్టారండీ అని అడిగింది. నేను నోరు తెరిచేలోపల రాజవ్వ అందుకుంది. వాసన సగం కుక్కలది, సగం నాది అంది. మూడు బకెట్ల కథ మొత్తం చెప్పింది. సత్తయ్య పటేల్ స్తంభం పక్కనే ఉన్నాడు. నాకెందుకు చెప్పకపోతివే అన్నాడు. నువ్వు ఖాళీ చెయ్యమనెటోనివి, నీకేం జెప్పాలె, కడిగెటోళ్లకు జెప్పిన అంది. నలభై మంది నవ్వారు. ఆయన కండువా సర్దుకున్నాడు.

వెళ్లేముందు శ్రీదివ్య దశరథ్ నంబర్ తీసుకుంది. వాళ్ల సెల్లార్ పార్కింగ్‌కట.

అందరూ పోయాక చూశాను. రంగుల్లో ముంచిన గునుగు పూలు తడిసి, ఆ రంగు నేలంతా కారింది. గులాబీ, ఊదా, ఆకుపచ్చ. ఈ రంగు చేతికి అంటితే వారం పోదు. మాప్ తీసుకున్నాను. మళ్లీ గోడకు ఆనించి పెట్టాను. పొద్దుటిదాకా అట్లాగే ఉంచుతాను. నేల తాగుతుందో లేదో తెలియాలి కదా.


అక్టోబర్ 1

ఉదయం 7:35. మంచినీళ్లు, ఒక మాప్. నలభై నిమిషాలు. రంగు ఎక్కడా మిగల్లేదు. గుండ్రటి మూలల్లో కూడా.

ఫోటోలు దశరథ్‌కు పంపాను. ఫోన్ చేసి, నాకు తెల్వదా మేడం అన్నాడు. కానీ ఫోన్ పెట్టకుండా, ఊదారంగు గూడ పోయిందా అని అడిగాడు. పోయిందన్నాను. ఇంకోసారి చెప్పించుకున్నాడు.

రాజవ్వ బకెట్ కడుక్కుంటూ చెప్పింది. మా ఆయన పొద్దుగాల్నే టైల్సాయనకు ఫోన్ గొట్టి ఇంకో జాగ సూస్కొమ్మన్నడు.


అక్టోబర్ 2, దసరా

సత్తయ్య పటేల్ వచ్చాడు. చెప్పులు షట్టర్ బయట విడిచి లోపలికి నడిచాడు. ఎవరూ విడవమనలేదు.